జ్యూరీ డ్యూటీకి పిలిస్తే ఆ రోజుల జీతం ఎవరిస్తారు?

ఈరోజు ఎపిసోడ్ అమెరికా గురించి. ఇక్కడ ఇండియాలో ఉన్నవాళ్లు కూడా వినండి, ఎందుకంటే మన ఇళ్లల్లో చాలామందికి అక్కో, బావగారో, బాబాయ్ వాళ్ల అబ్బాయో అక్కడ ఉన్నారు.

ఇలా అనుకుందాం. మీ అక్క డాలస్‌లో ఉంటుంది. పదిహేనేళ్లయింది వెళ్లి, పోయినేడే సిటిజన్‌షిప్ వచ్చింది. ఒకరోజు సాయంత్రం మెయిల్‌బాక్స్ తీస్తే కోర్టు నుంచి కవరు. లోపల కాగితం మీద పెద్ద అక్షరాల్లో సమన్స్ అని ఉంది. మనకి ఆ మాట వింటేనే గుండె జారుతుంది కదా! ఊళ్లో ఎవరింటికైనా సమన్లు వచ్చాయంటే పొలం గట్టు తగాదానో, చెక్ బౌన్సో అయ్యుంటుంది. వెంటనే విజయవాడకి ఫోన్. "అమ్మా, నన్ను కోర్టుకి రమ్మంటున్నారు." అటునుంచి అమ్మ మొదటి మాట: "ఏం చేశావే?"

ఏమీ చెయ్యలేదు. అది జ్యూరీ డ్యూటీ. అమెరికాలో పెద్ద క్రిమినల్ కేసుల్లో, చాలా సివిల్ కేసుల్లో కూడా, ఎవరిది తప్పు అని తేల్చేది జడ్జి ఒక్కడే కాదు. చట్టం ఏం చెబుతుందో జడ్జి వివరిస్తాడు. కానీ ఈ మనిషి ఆ పని చేశాడా లేదా అని తేల్చేది ఊళ్లో ఉండే మామూలు మనుషులు. టీచరు, ప్లంబరు, నర్సు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఎవరైనా కావచ్చు. ఫెడరల్ క్రిమినల్ కేసుకి పన్నెండు మంది కూర్చుంటారు. వీళ్ల పేర్లు ఓటరు లిస్టుల్లోంచి, చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సు లిస్టుల్లోంచి కూడా లాటరీ తీసినట్టు తీస్తారు.

అక్కకి ఇదంతా అర్థమయ్యాక భయం పోయింది. భయం పోగానే రెండో ప్రశ్న వచ్చింది, ఈరోజు మన టాపిక్ అదే. ఆఫీసుకి ఏం చెప్పాలి? ఆ రోజులకి జీతం ఇస్తారా, కోస్తారా? లీవు మన ఖాతాలోంచి పోతుందా?

ఆ జవాబులోకి వెళ్లే ముందు ఒక హెచ్చరిక, ఇది తెలుగువాళ్లకి మరీ ముఖ్యం. జ్యూరీలో కూర్చోవాలంటే అమెరికా సిటిజన్ అయ్యుండాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కూర్చోకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా కూర్చోకూడదు. కానీ పేర్లు డ్రైవింగ్ లైసెన్సు లిస్టుల్లోంచి తీస్తారని చెప్పా కదా, కాబట్టి సిటిజన్ కానివాళ్లకి కూడా కవరు వచ్చేస్తుంది. అలా వస్తే కంగారొద్దు. చెత్తబుట్టలో మాత్రం వెయ్యొద్దు. కవరులో, లేదా వాళ్ల వెబ్‌సైట్‌లో, ఒక ప్రశ్నల ఫారం ఉంటుంది. అందులో "మీరు సిటిజనా?" అన్న దగ్గర "కాదు" అని టిక్ పెట్టి వెనక్కి పంపండి. అంతటితో అయిపోతుంది.

తొందర్లో "అవును" అని పెట్టారో, అప్పుడు అసలు చిక్కు. సిటిజన్ కాకుండా సిటిజన్ అని చెప్పుకోవడాన్ని అమెరికా ఇమిగ్రేషన్ చట్టం చాలా పెద్ద తప్పుగా చూస్తుంది. గ్రీన్ కార్డు రాకుండా అడ్డుపడొచ్చు, ఉన్నవాళ్లని దేశం నుంచి పంపించెయ్యడానికి కూడా కారణం కావచ్చు. ఫోన్‌లో ఫారం నింపేటప్పుడు బొటనవేలు జారి తప్పు గడి మీద పడుతుంది చూడండి, అక్కడ మాత్రం రెండుసార్లు చూసుకుని నొక్కండి.

ఇంకొక్కటి. పిలుపు కవరులో వస్తుంది. "మీరు జ్యూరీ డ్యూటీకి రాలేదు, మీ మీద అరెస్ట్ వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అని ఫోన్ వస్తే అది మోసం. మన దగ్గర డిజిటల్ అరెస్ట్ అని భయపెడతారే, దానికి అమెరికా అన్నయ్య అనుకోండి. ఏ కోర్టూ ఫోన్‌లో డబ్బు అడగదు.

సరే, ఇప్పుడు జీతం సంగతికి వద్దాం.

ఇక్కడ రెండు విషయాలు ఉన్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. ఒకటి ఉద్యోగం, రెండోది జీతం. చట్టం మొదటిదాన్ని బాగానే కాపాడుతుంది. రెండోదాన్ని చాలావరకు గాలికి వదిలేసింది.

ముందు ఉద్యోగం. ఫెడరల్ కోర్టులో జ్యూరీకి వెళ్లిన పర్మనెంట్ ఉద్యోగిని తీసెయ్యకూడదు, బెదిరించకూడదు, ఒత్తిడి పెట్టకూడదు అని 1978లో చట్టం చేశారు. కాదని చేస్తే ఆ యజమానికి ఒక్కో ఉద్యోగి విషయంలో, ఒక్కో తప్పుకీ 5,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. ఉద్యోగం తిరిగి ఇవ్వమని, పోయిన జీతం కట్టమని కోర్టు చెప్పొచ్చు. అన్నిటికంటే నాకు నచ్చింది ఏమిటంటే, ఉద్యోగి ఫిర్యాదులో పస ఉందనిపిస్తే కోర్టే వకీలుని కూడా పెట్టిస్తుంది. స్టేట్ కోర్టుల విషయంలోనూ దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఇలాంటి రక్షణే ఉంది. కాబట్టి మేనేజరు "ఈ వారం రిలీజ్ ఉంది, నువ్వెళ్తే వచ్చే నెల నీ ప్లేస్ గ్యారంటీ లేదు" అన్నాడంటే, అతను చట్టం దాటి మాట్లాడుతున్నాడని అర్థం.

ఇప్పుడు జీతం. జీతాలకి, ఓవర్‌టైమ్‌కి అమెరికాలో మూలచట్టం 1938లో వచ్చింది. పని చేసిన గంటకి ఇంత తగ్గకుండా ఇవ్వాలి అని చెబుతుంది. పని చెయ్యని గంటకి ఇవ్వమని మాత్రం చెప్పదు. జ్యూరీలో కూర్చున్న గంటలు ఆఫీసు లెక్కలో పని చెయ్యని గంటలే. అంటే దేశం మొత్తానికి వర్తించేలా "జ్యూరీ రోజులకి జీతం ఇవ్వాల్సిందే" అన్న రూలు ప్రైవేటు కంపెనీలకి లేదు. ఫెడరల్ గవర్నమెంటు తన సొంత ఉద్యోగులకి మాత్రం కోర్ట్ లీవ్ అని విడిగా ఇస్తుంది, జీతం పూర్తిగా వస్తుంది, సొంత లీవు పోదు.

మరి కోర్టు ఏమైనా ఇస్తుందా? ఇస్తుంది. ఫెడరల్ కోర్టు రోజుకి 50 డాలర్లు, ప్రయాణం ఖర్చు అదనం. కేసు పది రోజులు దాటి సాగితే ఆ తర్వాత 60 దాకా ఇవ్వొచ్చు. స్టేట్ కోర్టుల్లో ఒక్కోచోట ఒక్కో రేటు. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి మొదటి రోజు 20, ఆ తర్వాత రోజుకి 58 డాలర్లు. ఈ 58 అంకె చూడండి, సరదాగా ఉంటుంది. టెక్సస్‌లో కనీస వేతనం గంటకి 7 డాలర్ల 25 సెంట్లు. దాన్ని ఎనిమిది గంటలతో గుణిస్తే సరిగ్గా 58. అంటే కనీస వేతనం మీద బతికేవాడికి రెండో రోజు నుంచి సరిపోతుంది, అంతకంటే ఎక్కువ సంపాదించేవాడికి నష్టమే. కాలిఫోర్నియా మామూలు రేటు ఇంకా తక్కువ, మొదటి రోజు సున్నా, రెండో రోజు నుంచి 15 డాలర్లు.

ఒక లెక్క వేద్దాం. కాలిఫోర్నియాలో గోడౌన్‌లో గంటకి 20 డాలర్లకి పని చేసే కుర్రాడు. రోజుకి 160. ఐదు రోజుల కేసుకి కూర్చుంటే పోయిన కూలి 800. కోర్టు ఇచ్చేది నాలుగు రోజులకి 60. కంపెనీ ఏమీ ఇవ్వకపోతే వారంలో 740 డాలర్లు చేతిలోంచి పోయినట్టు. అద్దె కట్టాల్సిన వారమే ఇది జరిగిందనుకోండి!

కొన్ని రాష్ట్రాలు మాత్రం ఈ భారం యజమాని మీద పెట్టాయి. ఇవి పది దాకా ఉంటాయి, అంతే. మసాచుసెట్స్‌లో మొదటి మూడు రోజులూ యజమాని మామూలు జీతం ఇవ్వాలి, నాలుగో రోజు నుంచి రాష్ట్రం రోజుకి 50 ఇస్తుంది. పార్ట్‌టైమ్ వాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది, వాళ్ల పని గంటలు ఒక పద్ధతిలో ఉంటే చాలు. పైగా అక్కడ "ఒక రోజు లేదా ఒక కేసు" అనే పద్ధతి, ఆ రోజు మిమ్మల్ని ఏ కేసుకీ ఎంచుకోకపోతే మీ డ్యూటీ అయిపోయినట్టే. కనెక్టికట్‌లో ఫుల్‌టైమ్ వాళ్లకి ఐదు రోజులు యజమానిది బాధ్యత. కొలరాడోలో మూడు రోజులు, కానీ రోజుకి 50 డాలర్ల దాకా మాత్రమే. న్యూయార్క్‌లో పది మంది కంటే ఎక్కువ ఉద్యోగులు ఉంటే మొదటి మూడు రోజులు యజమాని కనీసం జ్యూరీ ఫీజు అంత ఇవ్వాలి. ఆ ఫీజు చాలాకాలం 40 డాలర్లే, 2025 జూన్‌లో 72 చేశారు. అలబామా, టెన్నెసీ, నెబ్రాస్కా లాంటి చోట్ల ఇన్ని రోజులే అని కాకుండా మామూలు జీతమే ఇవ్వాలంటారు.

అలబామా అంటే గుర్తొచ్చింది. అక్కడ గాడ్‌స్డెన్ అనే ఊళ్లో ఒక న్యూస్‌పేపర్ కంపెనీ ఉద్యోగి జ్యూరీకి వెళ్లి జీతం అడిగాడు. కంపెనీ ఇవ్వనంది. మా దగ్గర పని చెయ్యని రోజుకి మేమెందుకు ఇవ్వాలి, ఈ చట్టమే రాజ్యాంగానికి విరుద్ధం అని వాదించింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1973లో సుప్రీంకోర్టు రాష్ట్ర చట్టం సరైనదే అంది. అంటే ఏ రాష్ట్రమైనా కావాలనుకుంటే యజమానితో జీతం ఇప్పించొచ్చు, రాజ్యాంగం అడ్డు రాదు. మరి యాభై ఏళ్లు దాటినా ఎక్కువ రాష్ట్రాలు ఎందుకు చెయ్యలేదు? నా ఉద్దేశం అడిగితే, చిన్న వ్యాపారాల పేరు చెప్పి తప్పించుకున్నారంటాను. నలుగురు పనిచేసే రెస్టారెంట్‌లో ఒకడు రెండు వారాలు కోర్టులో కూర్చుంటే ఓనరుకి కష్టమే, కాదనను. కానీ ఆ చిన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చి పెద్దవాళ్ల మీద పెట్టొచ్చు కదా. టెన్నెసీలో ఐదుగురి కంటే తక్కువ ఉన్నచోట మినహాయింపు ఉంది. న్యూయార్క్‌లో పది మంది గీత ఉంది. దారి లేకపోవడం కాదు సమస్య.

ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి పనికొచ్చే పాయింటు. దీన్ని కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఒక్కోసారి తప్పు చెబుతారు.

అమెరికాలో ఉద్యోగులు రెండు రకాలు. గంటల లెక్కన జీతం తీసుకుని ఓవర్‌టైమ్ వచ్చేవాళ్లు ఒకరు. ఎగ్జెంప్ట్ అనే రకం రెండోది, అంటే ఓవర్‌టైమ్ లేకుండా ఫిక్స్‌డ్ శాలరీ మీద ఉండేవాళ్లు. మేనేజర్లు, చాలామంది ఇంజనీర్లు ఇందులోకి వస్తారు. ఈ రెండో రకం వాళ్లకి ఫెడరల్ రూల్సులోనే ఒక రక్షణ ఉంది. ఒక వారంలో కొన్ని రోజులు పని చేసి, కొన్ని రోజులు జ్యూరీకి వెళ్తే, ఆ వారం శాలరీలో జ్యూరీ రోజులకని కోత పెట్టకూడదు. కోర్టు ఇచ్చిన ఫీజుని మాత్రం సర్దుబాటు చేసుకోవచ్చు.

ఉదాహరణకి అక్క శాలరీ వారానికి 2,000 డాలర్లు అనుకోండి. సోమ, మంగళ, బుధ ఫెడరల్ కోర్టులో ఉంది, గురు, శుక్ర ఆఫీసుకి వెళ్లింది. కోర్టు నుంచి 150 వచ్చింది. కంపెనీ ఆ 150 తీసేసి 1,850 ఇవ్వొచ్చు, అంతకంటే తగ్గించకూడదు. అక్క చేతికి మొత్తం అదే 2,000 వచ్చింది. అదే కోర్టులో, అదే కేసులో, అక్క పక్క కుర్చీలో గంటకి 20 డాలర్ల ఉద్యోగం చేసే మనిషి కూర్చున్నాడు. వాడికి మూడు రోజుల కూలి 480 పోయింది, 150 వచ్చింది. 330 నష్టం. ఇద్దరూ విన్నది ఒకే సాక్ష్యం, వేసింది ఒకే ఓటు.

ఎగ్జెంప్ట్ వాళ్లకీ ఒక మెలిక ఉంది. వారం మొత్తం, సోమవారం నుంచి శుక్రవారం దాకా, అస్సలు ఏ పనీ చెయ్యకపోతే ఆ వారం శాలరీ ఇవ్వనక్కర్లేదు. ఈ రూలు వారం లెక్కన నడుస్తుంది. అందుకే కేసు రెండు మూడు వారాలు సాగేలా ఉంటే కంపెనీ పాలసీ ఏముందో ముందే చూసుకోవాలి.

కన్సల్టెన్సీల్లో గంటల బిల్లింగ్ మీద ఉండేవాళ్ల సంగతి వేరు. సిటిజన్ అయ్యాక కూడా చాలామంది తెలుగువాళ్లు ఇలా కాంట్రాక్టులు చేస్తూనే ఉంటారు, రేటు బాగుంటుందని. క్లయింటు పని చేసిన గంటకే బిల్లు కడతాడు. జ్యూరీ గంటకి ఎవరూ కట్టరు, రాష్ట్ర చట్టం యజమానిని పట్టుకుంటే తప్ప. ఇక ఊబర్ నడిపేవాళ్లు, సొంతంగా ఇన్వాయిస్ ఇచ్చి పని చేసేవాళ్లు, వాళ్లకి యజమాని అనేవాడే లేడు. అడగడానికి కూడా ఎవరూ ఉండరు.

కంపెనీలు మామూలుగా ఎలా చేస్తాయో చెప్తాను. బాగా ఇచ్చే కంపెనీలు ఎన్ని రోజులైనా పూర్తి జీతం ఇస్తాయి, కోర్టు ఫీజు కూడా మీరే ఉంచుకోండి అంటాయి. ఇంకొన్ని పూర్తి జీతం ఇచ్చి, కోర్టు చెక్కు మాకు అప్పజెప్పండి అంటాయి. ఇలా అప్పజెప్పినవాళ్లకి ఒక మాట. జ్యూరీ ఫీజు ట్యాక్స్ లెక్కలో ఆదాయమే, రిటర్నులో చూపించాలి. కానీ ఆ డబ్బు కంపెనీకి ఇచ్చేశారు కాబట్టి అంత మొత్తాన్ని మళ్లీ తగ్గించుకోవచ్చు. చాలామంది మర్చిపోతారు. తర్వాత ఐదు రోజులో, పది రోజులో ఇచ్చి ఆపేసే కంపెనీలు. చివరి రకం, జీతం లేదు, కావాలంటే నీ వెకేషన్ వాడుకో అనేవి. ఈ "కావాలంటే" అన్న మాట దగ్గర జాగ్రత్త. వాడుకోవచ్చు అనడం వేరు, వాడుకోవాల్సిందే అనడం వేరు. వర్జీనియా, ఒహాయో, అరిజోనా లాంటి రాష్ట్రాల్లో జ్యూరీ రోజులకి వెకేషన్ వాడమని బలవంతం చెయ్యకూడదు.

వర్జీనియా చట్టంలోనే ఇంకో చిన్న క్లాజు ఉంది. ఎవరో నైట్ షిఫ్ట్ చేసినవాళ్లే రాయించారేమో అనిపిస్తుంది. ప్రయాణంతో కలిపి నాలుగు గంటలు లేదా అంతకంటే ఎక్కువ జ్యూరీకి ఇచ్చిన మనిషిని, అదే రోజు సాయంత్రం ఐదు తర్వాత మొదలయ్యే షిఫ్టుకి గానీ, మర్నాడు తెల్లవారుజామున మూడు లోపు మొదలయ్యే షిఫ్టుకి గానీ రమ్మనకూడదు. హైదరాబాద్‌లో అమెరికా టైమింగ్స్‌లో పని చేసేవాళ్లకి ఈ క్లాజు విలువ వెంటనే అర్థమవుతుంది. పగలంతా ఒక హత్య కేసు సాక్ష్యం విని, రాత్రంతా షిఫ్టు చేసి, మళ్లీ పొద్దున్న కోర్టులో కూర్చుంటే, నిద్ర కళ్లతో ఒక మనిషి జైలుకెళ్లాలా వద్దా తేల్చాలి. ఆలోచించండి.

ఇక్కడే అసలు విషయం ఉంది. జీతం రాకపోతే నష్టం ఆ ఉద్యోగికి ఒక్కడికే అనుకుంటాం. కాదు. బోనులో నిలబడ్డవాడికి కూడా.

దీనికి ఒక పాత కేసు చెప్పాలి. ఒక మనిషి కదులుతున్న రైలు కిటికీలోంచి దూకేశాడు. పేరు థీల్. నా మనసు సరిగ్గా లేదని రైల్వేవాళ్లకి తెలిసుండాల్సింది, నన్ను చూసుకోకుండా ప్రయాణం చెయ్యనిచ్చారు అని సదరన్ పసిఫిక్ రైల్వే మీద కేసు వేశాడు. అది శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో విచారణకి వచ్చింది. జ్యూరీ లిస్టు చూస్తే రోజుకూలీలు ఒక్కరూ లేరు. ఎందుకు లేరని అడిగితే, పేర్లు తయారుచేసే కోర్టు క్లర్కు దాచకుండా చెప్పాడు: రోజుకూలి మీద బతికేవాళ్లని మేమే తీసేస్తాం, రోజుకి 4 డాలర్లకి వాళ్లు కూర్చోలేరు, ఎలాగూ జడ్జి వాళ్లని వదిలేస్తాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు పాపం. 1946లో సుప్రీంకోర్టు అది కుదరదంది. జడ్జి మర్ఫీ రాసిన తీర్పు సారం ఏమిటంటే, నిజంగా కష్టం ఉన్న ఒక్కో మనిషిని వదిలెయ్యొచ్చు గానీ, కూలీలు అనే వర్గం మొత్తాన్ని ముందే పక్కన పెట్టేస్తే ఆ జ్యూరీ ఊరికి అద్దం కాదు.

రూలు మారింది. జేబు మారలేదు. ఇప్పుడు ఎవరూ కూలీల పేర్లు లిస్టులోంచి కొట్టెయ్యరు. వాళ్లే వచ్చి, "అయ్యా, నాకు జీతం రాదు, ఇంట్లో ఇద్దరు పిల్లలు" అని కష్టం చెప్పుకుంటారు, జడ్జి వదిలేస్తాడు. ఫలితం చాలాసార్లు అదే క్లర్కు తయారుచేసిన లిస్టు. చివరికి మిగిలేది రిటైరైనవాళ్లు, గవర్నమెంటు ఉద్యోగులు, జీతం కొయ్యని పెద్ద కంపెనీల వాళ్లు. 1995లో ఓ.జె. సింప్సన్ కేసు గుర్తుందా, మీ అమ్మానాన్నలని అడిగితే చెప్తారు. ఆ జ్యూరీవాళ్లు ఎనిమిది నెలలకి పైగా ఇంటికి దూరంగా హోటల్లో ఉన్నారు. కోర్టు ఇచ్చింది రోజుకి 5 డాలర్లు. యజమాని జీతం ఆపేస్తే అన్ని నెలలు ఎవరు ఉండగలరో మీరే చెప్పండి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 2022లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఆదాయం తక్కువ ఉండి, యజమాని జీతం ఇవ్వనివాళ్లు జ్యూరీకి వస్తే రోజుకి 100 డాలర్లు. 4 డాలర్లకి కూలీలు రాలేరని ఒకప్పుడు పేర్లు తీసేసిన ఊరే అది.

మన దేశం సంగతేంటి అంటారా? మనకీ జ్యూరీ ఉండేది. 1959 నానావతి కేసు తెలుసు కదా, 2016లో వచ్చిన రుస్తుం సినిమాకి ఆధారం. ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. సెషన్స్ జడ్జి ఆ తీర్పు ఒప్పుకోకుండా బొంబాయి హైకోర్టుకి పంపాడు. ఆ తర్వాత 1973లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ పూర్తిగా లేకుండా పోయింది. గాడ్‌స్డెన్ తీర్పు వచ్చిన ఏడాదే. కాబట్టి మన కంపెనీలకి జ్యూరీ లీవు బాధ లేదు. దానికి దగ్గరగా మనకున్నది ఓటు రోజు సెలవు. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి ప్రకారం పోలింగ్ రోజు ఓటున్న ఉద్యోగికి జీతంతో సెలవు ఇవ్వాలి, రోజుకూలీకి కూడా ఆ రోజు కూలి ఇవ్వాలి. అమెరికా మూలచట్టం చెయ్యలేకపోయిన పని మనవాళ్లు ఒక్క లైనులో చేశారు. యజమాని ఇవ్వకపోతే జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయల దాకా. నవ్వొస్తుంది కదా.

లండన్‌లో ఉన్నవాళ్లకి ఒక ముక్క. బ్రిటన్‌లో కామన్వెల్త్ దేశాలవాళ్లు, అంటే మన ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కూడా, ఓటరుగా నమోదు కావచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఓటరు లిస్టులో ఉండి, ఐదేళ్లు అక్కడ ఉన్నవాళ్లని జ్యూరీకి పిలవొచ్చు. అమెరికాలో గ్రీన్ కార్డు అన్నయ్యకి లేని బాధ్యత లండన్ తమ్ముడికి రావచ్చన్నమాట. అక్కడ యజమాని సెలవు ఇవ్వాలి, జీతం మాత్రం ఇవ్వక్కర్లేదు. జీతం పోయిందని యజమాని ఒక ఫారం నింపి ఇస్తే కోర్టు ఒక హద్దు దాకా భర్తీ చేస్తుంది.

మళ్లీ డాలస్ అక్క దగ్గరికి. కవరు వచ్చిన రోజే సమన్స్ ఫొటో తీసి మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ ఈమెయిల్ చెయ్యాలి. ఫోన్‌లో చెప్పి వదిలెయ్యొద్దు, రాతలో ఉండాలి. ఆ మెయిల్‌లోనే అడిగెయ్యండి: ఎన్ని రోజుల దాకా జీతం ఇస్తారు, కోర్టు ఫీజు నేను ఉంచుకోవాలా మీకివ్వాలా, టైమ్‌షీట్‌లో ఏ కోడ్ పెట్టాలి, మధ్యాహ్నమే వదిలేస్తే ఆఫీసుకి రావాలా అని. చివరిది చాలామంది అడగరు, తర్వాత సగం రోజు లీవు కోశారని గొడవపడతారు. నిజంగా కుదరని తేదీ అయితే కోర్టునే వాయిదా అడగొచ్చు, మొదటిసారి సాధారణంగా ఇస్తారు. అడగాల్సింది మీరు. మేనేజరు మీ తరఫున "ఆమె రాదు" అని చెప్పలేడు. అలాగని ఊరుకుని ఎగ్గొట్టకూడదు, ఫెడరల్ కోర్టు సమన్స్ ఎగ్గొడితే 1,000 డాలర్ల దాకా జరిమానా, మూడు రోజుల దాకా జైలు కూడా వెయ్యొచ్చు. "ఏదో ఒక పక్షపాతం ఉందని చెప్పి తప్పించుకురా" అని ఆఫీసులో ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, అక్కడ జవాబులు ప్రమాణం చేసి చెప్పాలి.

వెళ్లిన ప్రతిరోజుకీ కోర్టు దగ్గర హాజరు సర్టిఫికెట్ తీసుకోండి. జీతం గొడవ ఎప్పుడొచ్చినా చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే. ఇంకా, చాలా కోర్టుల్లో మీ గ్రూప్ నంబరు రేపు రావాలా వద్దా అన్నది ముందురోజు సాయంత్రం వెబ్‌సైట్‌లోనో, రికార్డింగ్ ఫోన్‌లోనో చెబుతారు. రావక్కర్లేదని ఉంటే మామూలుగా ఆఫీసుకి వెళ్లాల్సిందే. అది చూసుకోకుండా కోర్టు దాకా వెళ్లి పార్కింగ్ డబ్బులు తగలేసుకున్నవాళ్లు ఉన్నారు.

సరేనండీ, ఇంట్లో అమెరికా వాళ్లుంటే ఆ సిటిజన్ గడి సంగతి మాత్రం ఈరోజే చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.